చుక్క చుక్కగా పదడుగుల బొమ్మ: ఫ్లెక్సీ ముద్రణపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫ్లెక్సీలు, వినైల్ స్టిక్కర్లు, గ్లోసైన్ బోర్డుల ముద్రణ గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపేశాం.

పెళ్లి ఫ్లెక్సీ వేయించడానికి వెళ్లినప్పుడు మెషీన్ దగ్గర అరగంట నిలబడి చూశాను. ఓ పెట్టె అటూ ఇటూ తిరుగుతుంటే బొమ్మ వచ్చేస్తోంది. ఇంట్లో ఉండే ప్రింటర్‌కి ఇది అన్నలాంటిదా? లోపల అసలేం జరుగుతుంది?
— డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

వరసకు చుట్టాలే. రెండూ సిరా చుక్కల్ని చిమ్మి బొమ్మ కట్టేవే. మీరు చూసిన పెట్టెను క్యారేజ్ అంటారు. దాని అడుగున నీలం (సియాన్ అనే లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు రంగులకు విడివిడిగా హెడ్లు, అంటే సిరా చిమ్మే భాగాలుంటాయి. ఫ్లెక్సీ షాపుల్లో బాగా కనిపించే కొనికా 512 హెడ్‌నే తీసుకోండి. 36 మిల్లీమీటర్ల పొడవులో 512 నాజిళ్లు, అంటే సిరా బయటికొచ్చే సన్నటి రంధ్రాలు, రెండు వరసలుగా ఉంటాయి. ఒక్కో నాజిల్ వెనక వెంట్రుకంత సిరా కాలువ. ఆ కాలువ గోడలు పీజో అనే పదార్థంతో చేసినవి. వోల్టేజి ఇస్తే గోడ వంగుతుంది, తీసేస్తే యథాస్థానానికి వస్తుంది. కంటిమందు సీసాను నొక్కితే ఒక్క చుక్క రాలినట్టు, గోడ వంగిన ప్రతిసారీ ఒక్క చుక్క ఎగిరి పడుతుంది. ఇది సెకనుకు వేలసార్లు జరుగుతుంది.

చుక్క ఎంతుంటుందంటే, ఈ హెడ్‌లో పెద్ద రకానికి 42 పీకోలీటర్లు (లీటరులో లక్ష కోట్లో వంతు ఒక పీకోలీటరు). లెక్క కడితే గాల్లో దాని వ్యాసం 43 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) వస్తుంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. 14 పీకోలీటర్ల రకం హెడ్‌లో అయితే చుక్క 30 మైక్రాన్లే.

ఆ చుక్క పడ్డాక జరిగేదే ఇంటి ప్రింటర్‌కీ దీనికీ అసలు తేడా. కాగితం సిరాను పీల్చుకుంటుంది. ఫ్లెక్సీ పీల్చుకోదు. అది పాలియెస్టర్ దారాల వలకు రెండు పక్కలా పీవీసీ పొర అంటించిన బట్ట. అందుకని ఇంకులో పీవీసీని కాస్త కరిగించే సాల్వెంట్ కలుపుతారు. చుక్క పడగానే పై పొర మెత్తబడుతుంది, రంగు అందులో దిగుతుంది, సాల్వెంట్ ఆవిరైపోతుంది. వానకు ఫ్లెక్సీ రంగు కారకపోవడానికి కారణమిదే. అదే ఇంకును పాలిథీన్ షీటు మీద కొట్టి చూడండి, గోటితో గీకితే ఊడొస్తుంది. ఆ సాల్వెంట్ పాలిథీన్‌ని కరిగించలేదు కాబట్టి రంగుకు పట్టు దొరకదు.

మెషీన్‌లో మూడు చోట్ల హీటర్లు ఉండేది కూడా ఇందుకే. ముందు హీటర్ బట్టను వెచ్చచేసి ఇంకు దిగడానికి సిద్ధం చేస్తుంది. మధ్య హీటర్ చుక్క పాకిపోకుండా పట్టి ఉంచుతుంది. వెనక హీటర్, ఫ్యాన్లు కలిసి ఆరబెడతాయి.

ఇక పాస్‌ల సంగతి. హెడ్ ఒక్క ఊపులో స్థలాన్ని నింపెయ్యదు. నాలుగు పాస్‌లు పెడితే బట్ట ప్రతి ఊపుకూ 36లో నాలుగో వంతు, అంటే 9 మిల్లీమీటర్లు మాత్రమే ముందుకు జరుగుతుంది. ప్రతి చోటికీ నాలుగుసార్లు, నాలుగు వేర్వేరు నాజిళ్లు వస్తాయి. ఒకటి మూసుకుపోయినా మిగతా మూడు ఆ లోటును చాలావరకు కప్పేస్తాయి. రెండు పాస్‌లకు దించితే పని సగం సమయంలో అయిపోతుంది, ఆ కప్పుదల కూడా సగమైపోతుంది. చదరపు అడుగు రేటు మరీ తగ్గించమని పట్టుబడితే షాపులో ముందుగా తగ్గేవి ఈ పాస్‌లే.

చుక్క సరిగ్గా పుట్టాలి, సరైన చోట పడాలి, పడ్డచోట పట్టుకుని ఆరాలి. కింద రాబోయే ఫిర్యాదులన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పినందువల్ల వచ్చినవే.

20 అడుగులు × 10 అడుగుల ఫ్లెక్సీకి ఫైలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలని పార్టీ, అంటే ఫ్లెక్సీ వేయించుకునేవారు, అంటారు, 72 చాలని షాపువాళ్లు అంటారు. ఎవరి మాట నిజం? మెషీనేమో 720 డీపీఐ అని రాసి ఉంది.
— డిజైనర్, తెనాలి

షాపువాళ్లదే నిజం. అసలు 72 కూడా ఎక్కువే. మామూలు చూపున్న మనిషి కన్ను మీటరు దూరం నుంచి 0.29 మిల్లీమీటర్ల ఎడం ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు. అంటే అంగుళానికి 87 చుక్కలు. మూడు మీటర్ల నుంచైతే 29 చాలు. పది మీటర్ల నుంచి తొమ్మిది దాటితే కన్ను ఇక తేడా పట్టలేదు. ముఖాలు, నగలు ఉన్న బొమ్మలకు దీనికి రెట్టింపో మూడు రెట్లో ఉంచుకోవడం మంచిది. దగ్గర నిలబడి చదివే స్టాండీకి 100 నుంచి 150, దుకాణం బోర్డుకు 60 నుంచి 72, రోడ్డు పక్క హోర్డింగుకు 30 ఉంటే ధైర్యంగా పంపండి.

300 పెడితే ఏమవుతుందో చూద్దాం. 20 అడుగులంటే 240 అంగుళాలు, 300తో హెచ్చిస్తే 72,000 పిక్సెళ్లు. నిలువు 36,000. సీఎంవైకేలో (నాలుగు ఇంకుల లెక్కన రంగు చెప్పే పద్ధతి) పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున 10.4 జీబీ. జేపెగ్ ఫైలులో ఒక పక్కకు 65,535 పిక్సెళ్లకు మించి పట్టవు కాబట్టి అది సేవ్ కూడా కాదు. 72 డీపీఐలో అదే ఫైలు 600 ఎంబీలో ఉంటుంది, 30లో 100 ఎంబీ చాలు. మరో దారి, పదో వంతు సైజులో అంటే 24 × 12 అంగుళాల్లో 300 డీపీఐ పెట్టి డిజైన్ చేయడం. పదింతలు పెంచాక అది 30 డీపీఐ అవుతుంది. కాకపోతే ఫైలు పేరులోనే "పదింతలు పెంచాలి" అని రాయండి.

మెషీన్ మీద ఉన్న 720కీ ఫైలు డీపీఐకీ పోలిక లేదు. ఫైలులో ఒక పిక్సెల్ లేత గులాబీ కావచ్చు, ముదురు గులాబీ కావచ్చు. మెషీన్ చేతిలో లేత చుక్కలంటూ ఉండవు, పడితే నిండు చుక్క, లేదంటే తెలుపు. లేత రంగు చూపించాలంటే చుక్కల్ని ఎడంగా చల్లాలి, ముదురైతే దగ్గరగా చల్లాలి. ఒక పిక్సెల్‌కు చాలా చుక్కల గుంపు కావాలి కనుక మెషీన్ సంఖ్య పెద్దదిగా ఉంటుంది. ఈ చల్లే లెక్క వేసేది రిప్ సాఫ్ట్‌వేర్.

చిన్న ఫొటోను ఫొటోషాప్‌లో సాగదీసి 300 చేసినంత మాత్రాన కొత్త వివరమేమీ పుట్టదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు పక్క 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. దాన్ని ఆరడుగులకు పెంచితే అంగుళానికి 22 వస్తాయి. పార్టీని ఫొటో డాక్యుమెంట్‌గా పంపమనండి.

నా కంప్యూటర్‌లో తెలుగు చక్కగా ఉంటుంది. షాపులో తెరిస్తే వత్తులు పక్కకు జారిపోతున్నాయి, ఒక్కోసారి అంతా ఇంగ్లీషు గజిబిజిగా మారుతోంది. కర్వ్స్ చేసి (అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చి) పంపితే అక్షరాల మధ్య తెల్లటి బొక్కలు!
— డీటీపీ ఆపరేటర్, సిద్దిపేట

మీరడిగినవి మూడు వేర్వేరు జబ్బులు.

ఇంగ్లీషు గజిబిజిగా మారడం: పాత డీటీపీ తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి భాష అక్షరానికీ సొంత గది ఉండే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టి చేసినవి. ఆ ఫాంట్ షాపు కంప్యూటర్‌లో లేకపోతే గదిలో ఉన్న ఇంగ్లీషు అక్షరమే బయటపడుతుంది.

వత్తులు జారడం: ఇది యూనికోడ్ ఫాంట్లతో వస్తుంది. తెలుగులో క, పొల్లు గుర్తు, ష అని మూడుగా టైపైన దాన్ని "క్ష" అని కలిపి చూపే పని సాఫ్ట్‌వేర్‌ది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజన్‌ను ఎంచుకోకపోతే ఆ కలిపే పని జరగదు. ఎంచుకున్నాక ఫైలు మూసి తెరిచి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టండి.

తెల్లటి బొక్కలు: పాత ఫాంట్లలో తలకట్టు, గుడి, వత్తు వేర్వేరు ముక్కలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. కోరెల్ డ్రాలో కర్వ్స్ చేసే కంట్రోల్ క్యూ కొట్టగానే అవన్నీ ఒకే ఆకారంలో చేరతాయి. రెండు ముక్కలు ఎక్కిన చోటును సాఫ్ట్‌వేర్ రంధ్రంగా లెక్కేస్తుంది. చూడండి, "కీ"లో గుడిదీర్ఘం అక్షరాన్ని తాకే చోటే తెలుపు కనిపిస్తుంది. ఆ అక్షరాన్ని బ్రేక్ అపార్ట్ చేసి (ముక్కలుగా విడదీసి), ఎక్కిన రెండు ముక్కల్ని మాత్రమే ఎంచుకుని వెల్డ్ (ఒకటిగా అతికే ఆదేశం) కొట్టండి. మొత్తం వాక్యానికి ఒకేసారి చేస్తే "ఠ", "ఒ"లాంటి అక్షరాల కడుపులు కూడా పూడిపోతాయి.

షాపుకు పంపేది ఎప్పుడూ కర్వ్స్ చేసిన ప్రతి అయ్యుండాలి, అక్షరాలు మార్చుకునే వీలున్న ప్రతి మీ దగ్గర వేరే ఉండాలి. రిప్‌లోకి పోయేముందు ప్రతి వత్తునూ వేలు పెట్టి చదవండి. పెళ్లికూతురి పేరులో వత్తు పోతే ఆ ఫ్లెక్సీ మళ్లీ వేయాల్సిందే.

పదడుగుల సాల్వెంట్ మెషీన్. ఆర్నెల్లుగా అడ్డం లైన్లు పడుతున్నాయి. హెడ్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. మార్చాలా?
— షాపు యజమాని, కరీంనగర్

తొందరపడకండి. హెడ్ ఈ మెషీన్‌లో ఖరీదైన భాగం. లైన్లకు మాత్రం కారణాలు కనీసం అయిదున్నాయి, వాటిలో నాలుగు చౌకగా పోయేవి. ఈ వరసలోనే చూడండి, వరస తప్పితే ఒక తప్పును మరో తప్పుతో సరిచేసినవారవుతారు.

మొదట నాజిల్ టెస్ట్ ప్రింటు, అంటే ఒక్కో నాజిల్ ఒక్కో చిన్న గీత గీసే పరీక్ష. అరగంట ఎడంతో మూడుసార్లు తీసి పక్కపక్కన పెట్టండి. మూడింట్లోనూ అదే గీత లేకపోతే ఆ నాజిల్ మూసుకుంది. ఒక్కోసారి ఒక్కో చోట గీతలు పోతుంటే హెడ్ మంచిదే, ఇంకు అందడం లేదు. అప్పుడు ఫిల్టర్ చూడండి, ట్యూబుల్లో గాలి బుడగలున్నాయేమో చూడండి, తర్వాత నెగటివ్ ప్రెషర్. ఈ ప్రెషర్ పని, ఇంకు నాజిల్ నోట్లోంచి కారకుండా లోపలికి సన్నగా లాగి పట్టడం. తక్కువైతే హెడ్ అడుగున చెమటలా ఇంకు పడుతుంది, ఎక్కువైతే నాజిల్ గాలి మింగుతుంది. నిండు రంగు కొడుతుంటే మొదటి అడుగు బాగా వచ్చి, పోనుపోను పలచబడుతోందంటే అది కచ్చితంగా ఇంకు అందని జబ్బు.

మూసుకున్న నాజిల్‌కు ఒకటి రెండుసార్లు పర్జ్ కొట్టి (ఇంకును ఒత్తిడితో బయటికి నెట్టి), పది నిమిషాలు ఆగి మళ్లీ టెస్ట్ తీయండి. ఆగకుండా పదిసార్లు కొడితే ఇంకు వృథా, పైగా గాలి చొరబడుతుంది. నూగు రాలని గుడ్డను ఫ్లష్ సొల్యూషన్‌లో (ఇంకును కడిగే సాల్వెంట్) తడిపి ఒకే దిశలో, రుద్దకుండా తుడవండి. అప్పటికీ రాకపోతే రాత్రంతా హెడ్ అడుగు తడి గుడ్డకు ఆని ఉండేట్టు వదలండి. సాల్వెంట్ హెడ్‌లోకి నీళ్లు, స్పిరిట్ పోయకండి. ఇంకు కంపెనీ మార్చినప్పుడు లైనంతా ఫ్లష్ చేయకుండా కొత్తది పోస్తే, రెండు ఇంకులూ పడక లోపలే పెరుగులా విరిగి హెడ్‌ను నిజంగానే చంపుతాయి.

రెండోది స్టెప్, అంటే ప్రతి ఊపుకూ బట్ట ముందుకు జరిగే దూరం. లైన్లు తెల్లగా, సమాన దూరంలో ఉంటే బట్ట ఎక్కువ జరుగుతోంది. నల్లగా ఉంటే తక్కువ జరిగి, అంచు మీద అంచు పడుతోంది. నాలుగు పాస్‌లలో అడుగు 9 మిల్లీమీటర్లనుకున్నాం కదా, 360 డీపీఐలో ఒక చుక్క గది 0.07 మిల్లీమీటర్లు. నూటికి ఒక వంతు కూడా తేడా రాకముందే లైను కనిపిస్తుంది. అందుకే ఫ్లెక్సీ కంపెనీ మార్చినా, మందం మార్చినా, హీటర్ వేడి మార్చినా స్టెప్ టెస్ట్ మళ్లీ తీయాలి. హీటర్ వేడెక్కాకే తీయండి, చల్లటి బట్ట మీద తీసిన స్టెప్ గంట తర్వాత తప్పవుతుంది.

మూడోది రెండు దిశల సర్దుబాటు, అంటే క్యారేజ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చుక్కలు ఒకే చోట పడేలా చేయడం. క్యారేజ్ సెకనుకు మీటరు వేగంతో పోతోందనుకోండి, చుక్క వేగం సెకనుకు ఆరు మీటర్లు, హెడ్‌కూ బట్టకూ మధ్య 3 మిల్లీమీటర్లు. చుక్క కిందికి దిగేలోపు అర మిల్లీమీటరు ముందుకు పోతుంది. వెనక్కి వచ్చేటప్పుడు అటువైపు అర మిల్లీమీటరు. సాఫ్ట్‌వేర్ ఈ మొత్తం మిల్లీమీటరును సరిచేస్తుంది. ఇప్పుడు బట్ట ముడత వల్లో, హెడ్ ఎత్తు మార్చడం వల్లో ఆ 3 మిల్లీమీటర్ల ఎడం 4 అయితే, మరో 0.33 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. దాదాపు అయిదు చుక్కల గదులు! చిన్న అక్షరాలకు నీడ వచ్చినట్టు కనిపించేది ఇదే. హెడ్ ఎత్తు ముట్టుకున్న ప్రతిసారీ ఈ టెస్ట్ తప్పదు.

నాలుగోది ఎన్‌కోడర్ స్ట్రిప్. క్యారేజ్ వెనక మెషీన్ పొడవునా ఉండే పారదర్శకమైన పట్టీ. దాని మీది సన్నటి గీతలు లెక్కపెట్టుకుంటూనే క్యారేజ్ తానెక్కడుందో తెలుసుకుంటుంది. దాని మీద ఇంకు తుంపర పడితే బొమ్మ అక్కడ అకస్మాత్తుగా పక్కకు జరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడవండి. ఫ్లష్ సొల్యూషన్‌తో తుడిస్తే గీతలే చెరిగిపోవచ్చు.

అయిదోది స్థిర విద్యుత్తు. మీరు ఆర్నెల్లన్నారు కానీ కొందరికి ఇది చలికాలంలోనే వస్తుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు ఫ్లెక్సీ చుట్ట విప్పుకునే కొద్దీ చార్జ్ పడుతుంది. చుక్కలు దారి తప్పి అక్షరాల అంచున పొగలా పరుచుకుంటాయి. మెషీన్‌కు విడిగా ఎర్తింగ్, గదిలో 40 నుంచి 60 శాతం తేమ ఉంటే పోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా అవే నాజిళ్లు, అదే చోట, రాత్రి నానబెట్టినా రాకపోతే అప్పుడు మెకానిక్ మాట నమ్మండి. ఈలోగా వోల్టేజి పెంచి లైన్లు కప్పిపుచ్చడం మాత్రం వద్దు. చుక్క లావై రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, వెంట తుంపర మొదలవుతుంది, పీజో ఆయుష్షు తగ్గుతుంది.

ఫోన్‌లో మెరిసే రంగులు ఫ్లెక్సీలో చప్పగా వస్తున్నాయి. నలుపేమో మసి రంగులో ఉంటోంది.
— ఫంక్షన్ల ఏర్పాట్లు చూసేవారు, రాజమహేంద్రవరం

ఫోన్ తెర వెలుగును కలిపి రంగు చేస్తుంది. ఇంకు తెల్లటి బట్ట నుంచి వచ్చే వెలుగులో కొంత మింగేసి రంగు చూపిస్తుంది. చిలకాకుపచ్చ, నియాన్ నారింజ నాలుగు ఇంకుల్లో దొరకనే దొరకవు, ఏ షాపుకు వెళ్లినా అంతే. డిజైన్‌ను మొదటే సీఎంవైకేలో చూసి ఒప్పుకుంటే చివర్లో గొడవుండదు.

నలుపుకు మందు ఉంది. ఒక్క నలుపు ఇంకు 100 శాతం పెడితే సన్నని పొర కింది నుంచి బట్ట తెలుపు తొంగిచూస్తుంది. పెద్ద నల్లటి భాగాలకు నలుపు 100కి నీలం 60, మెజెంటా 40, పసుపు 40 చేర్చండి, మొత్తం 240. నాలుగూ నిండుగా 400 పెట్టేస్తే ఇంకా నల్లగా వస్తుందని కొందరనుకుంటారు. 42 పీకోలీటర్ల చుక్కలు 720 × 360లో నిండుగా పడితే చదరపు అడుగుకు రంగుకు 1.57 మిల్లీలీటర్లు. నాలుగూ కలిపి 6.3. అంత తడి చుట్ట చుట్టేలోపు ఆరదు, వెనక పొరకు అంటుకుని ఊడొస్తుంది. చిన్న అక్షరాలకు ఒక్క నలుపే మేలు, నాలుగు రంగులు వెంట్రుకవాసి జరిగినా అంచు మసకబారుతుంది.

సియాన్ 100, మెజెంటా 100 కలిపితే ఊదా వస్తుంది. నిజమైన నీలం కావాలంటే మెజెంటాను 60, 70 దగ్గర ఆపండి. పసుపు కొమ్ము రంగుకు పసుపు 100, మెజెంటా 20 నుంచి మొదలుపెట్టి చిన్న ముక్క కొట్టి చూసుకోండి.

గ్లోసైన్ బోర్డు పగలు బాగుంది. రాత్రి లైటు వేస్తే వెలిసిపోయినట్టుంది, దారాలు కూడా కనిపిస్తున్నాయి.
— మెడికల్ షాపు యజమాని, ఒంగోలు

మీకు మామూలు ఫ్రంట్‌లిట్ ఫ్లెక్సీ (ముందు నుంచి వెలుగు పడే బోర్డులకు వాడేది) వేసిచ్చారు. గ్లోసైన్‌కు బ్యాక్‌లిట్ ఫ్లెక్సీ కావాలి, అందులో వెలుగు సమానంగా పరుచుకుంటుంది, దారం కనపడదు. పగటి వెలుగు బట్టను తాకి తిరిగొచ్చేలోపు ఇంకును రెండుసార్లు దాటుతుంది, వెనక నుంచి వచ్చే వెలుగు ఒక్కసారే దాటుతుంది కనుక రంగును రెట్టింపు మందంగా కొట్టాలి. ఆర్డరిచ్చేటప్పుడే "బ్యాక్‌లిట్, డబుల్ ఇంక్" అని చెప్పండి.

ఎకో సాల్వెంట్‌లో కొట్టిన వినైల్‌కు వెంటనే లామినేషన్ చేసి అతికిస్తే వారానికే అంచులు లేచి చుట్టుకుంటున్నాయి. జిగురు మంచిది కాదా?
— స్టిక్కరింగ్ పనివారు, అనంతపురం

జిగురుది తప్పు కాదు. ఎకో సాల్వెంట్ వాసన తక్కువైనా ఆవిరి కావడం నెమ్మది. పైకి ఆరినట్టున్నా పొరలో సాల్వెంట్ మిగిలే ఉంటుంది. మీద లామినేషన్ మూత వేశారు, అది పైకి పోలేక కిందికి, జిగురులోకి దిగింది. వినైల్ ఉబ్బుతుంది, జిగురు మెత్తబడుతుంది, కత్తి పడిన అంచు ముందు లేస్తుంది. కనీసం 24 గంటలు, నిండు రంగులైతే 48 గంటలు ఆరనివ్వండి. బిగుతుగా చుట్టి పెడితే లెక్కలోకి రాదు, వదులుగా చుట్టి నిలబెట్టండి.

పిల్లల క్లినిక్ గోడలకు బొమ్మలు వేయించాలి. యూవీ, లేటెక్స్, ఎకో సాల్వెంట్ అని మూడు రేట్లు చెప్పారు.
— డాక్టరు, ఖమ్మం

లేటెక్స్ తీసుకోండి. అందులో ఇంకు నీళ్లతో చేసినది, పాలిమర్ రేణువులు కలిసి ఉంటాయి. మెషీన్‌లోనే వేడికి నీరు పోయి, రేణువులు కరిగి రంగు మీద పొరలా కడతాయి. ఆరిపోయే బయటికొస్తుంది, గదిలో వాసన మిగలదు. 2008లో హెచ్‌పీ తెచ్చిన పద్ధతి ఇది, దీని హెడ్లు పీజోవి కావు, సిరాను క్షణకాలం మరిగించి బుడగతో చుక్కను నెట్టేవి.

యూవీ ఇంకు అతినీలలోహిత వెలుగు తగలగానే గట్టిపడుతుంది. అక్రిలిక్, గాజు, సన్‌బోర్డు లాంటి బిగుసు వస్తువులకు దానికి సాటి లేదు. దీపం పాతబడి సరిగ్గా గట్టిపడకపోతే మాత్రం అందులోని పదార్థాలు చర్మానికి పడవు, వాసనా వస్తుంది. పిల్లలు చేతులు వేసే గోడకు ఆ సందేహం ఎందుకు?

మా 20 × 10 హోర్డింగు ఫ్లెక్సీ ఈదురుగాలికి రెండుసార్లు చిరిగింది. ఈసారి గాలి పోవడానికి మధ్యలో కోతలు పెట్టమంటున్నారు.
— రియల్ ఎస్టేట్ కార్యాలయం, విజయవాడ

కోతలు వద్దు. అవి తగ్గించే గాలి బలం బహుస్వల్పం, ప్రతి కోతా చిరుగుకు మొదలవుతుంది.

భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడ, విశాఖపట్నాలకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. వేగాన్ని వేగంతో హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. మీకు 1500. 200 చదరపు అడుగులంటే 18.6 చదరపు మీటర్లు, అంటే మొత్తం 28,000 న్యూటన్లు, దాదాపు 2.8 టన్నుల తోపు. ఇది ఉజ్జాయింపే, ఫ్రేము కట్టే ఇంజనీరు ఎత్తు, ఆకారం బట్టి ఇంకా లెక్క కడతారు. ఆ 60 అడుగుల చుట్టుకొలతలో మూడడుగులకో ఐలెట్ (తాడు కట్టే లోహపు రింగు) చొప్పున 20 పెడితే ఒక్కోదాని మీద 140 కిలోలు. అడుగుకొకటి పెడితే 47. మీది చిరిగింది ఐలెట్ల దగ్గరే అయ్యుంటుంది.

అంచును రెండంగుళాలు మడిచి, మడతలో తాడు పెట్టి, వేడిగాలితో అతికించి, ఆ రెండు పొరల మీద అడుగుకొక ఐలెట్ కొట్టించండి. పలచటి ఫ్లెక్సీ బదులు 440 జీఎస్ఎం (చదరపు మీటరుకు 440 గ్రాముల బరువున్నది) అడగండి. తుపాను హెచ్చరిక వస్తే విప్పేయడమే మంచిది, రోడ్డు మీద వెళ్లేవాళ్ల ప్రాణాల కంటే ఫ్లెక్సీ ఖరీదైనది కాదు. గాలి ఎక్కువ తగిలే చోటుకు, నేతలోనే రంధ్రాలున్న మెష్ ఫ్లెక్సీ దొరుకుతుంది.

మా ఆయన ఫ్లెక్సీ మెషీన్ నడుపుతారు. ఎన్నికలప్పుడు రాత్రుళ్లు కూడా షాపులోనే పడుకుంటున్నారు. తలనొప్పి, కళ్లమంట. మాస్కు పెట్టుకుంటున్నారు గానీ తగ్గడం లేదు.
— ఒక గృహిణి, గుంటూరు జిల్లా

అమ్మా, ముందు ఆయన్ని మెషీన్ ఉన్న గదిలో పడుకోవడం మానిపించండి. ఇది వాయిదా వేసే పని కాదు.

చాలా సాల్వెంట్ ఇంకుల్లో సైక్లోహెక్సనోన్ ఉంటుంది. దాని ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు. నేల మీదికి దిగి అక్కడే ఉంటుంది. నేల మీద చాప వేసి పడుకున్న మనిషి సరిగ్గా ఆ పొరలోనే ఊపిరి పీలుస్తాడు. చాలా షాపుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ గోడ పైన ఉంటుంది, అది లాగేది పైనున్న మంచి గాలిని. ఫ్యాన్‌ను మెషీన్ వెనక పక్క, నేలకు అడుగు లోపు బిగించాలి, ఎదురు గోడకు గాలి లోపలికొచ్చే కిటికీ తెరిచి ఉండాలి. ఏసీ పెట్టి తలుపులు బిగిస్తే అదే గాలి గదిలో తిరుగుతుంది.

బట్ట మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఏవీ ఆవిరిని ఆపవు, దుమ్మునే ఆపుతాయి. బొగ్గు డబ్బా ఉన్న, సేంద్రియ ఆవిరులకు పనికొచ్చే మాస్కు కావాలి. వాసన లోపలికి వస్తోందంటే డబ్బా అయిపోయినట్టు. హెడ్ తుడిచేటప్పుడు వాడే పలచటి నైట్రైల్ గ్లవుజులు ఈ సాల్వెంట్‌కు త్వరగా ఉబ్బిపోతాయి, బ్యుటైల్ రబ్బరువి తీసుకోమనండి. చేతికంటిన ఇంకును ఫ్లష్ సొల్యూషన్‌తో కడిగే అలవాటుంటే అదీ మానాలి, సాల్వెంట్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. సబ్బు, నీళ్లు, కొబ్బరినూనె చాలు.

ఇంకొకటి. సైక్లోహెక్సనోన్ 44 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరినిస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు ఆ వేడికి చేరుతుంది. మెషీన్ పక్కన బీడీ, అగరొత్తి, స్టవ్ ఉండకూడదు. తుడిచిన గుడ్డలు మూతున్న ఇనప డబ్బాలో వేసి రోజూ బయటికి తీయాలి.

తలనొప్పి వారమైనా తగ్గకపోయినా, చేతులు తిమ్మిరెక్కినా డాక్టరు దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంకు డబ్బా లేబుల్‌ను ఫొటో తీసి చూపించండి.

పాత ఫ్లెక్సీల మీద మిర్చి, వడ్లు ఆరబెట్టవచ్చా? పలచటి బ్యానర్లు నిషేధమన్నారు, ఫ్లెక్సీకి కూడా వర్తిస్తుందా?
— రైతు, వరంగల్ జిల్లా

తిండిగింజలు వద్దు. పీవీసీని మెత్తగా ఉంచేందుకు కలిపే నూనెలాంటి పదార్థాలు ఎండకు పైకి ఊరతాయి, రంగూ మిగిలిన సాల్వెంటూ దాని మీదే ఉంటాయి. మిర్చికి నూనె గుణం ఉంది కాబట్టి ఇంకా తొందరగా పట్టుకుంటుంది. గడ్డివాము మీద కప్పడానికి, కట్టెలపాకకు వానచాటుకు నిక్షేపంగా వాడుకోండి.

2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించింది 100 మైక్రాన్ల కంటే పలచనైన ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లను. హోర్డింగులకు వాడే మామూలు ఫ్లెక్సీ అంతకంటే మందం, కాబట్టి ఆ నిబంధన కిందికి అది రాదు. రాష్ట్రాలు, మున్సిపాలిటీలు విడిగా పెట్టే ఆంక్షలు వేరే ఉంటాయి, కేరళ 2019లోనే పీవీసీ ఫ్లెక్సీని ఆపేసింది. పీవీసీ పొరను, పాలియెస్టర్ దారాన్ని విడదీయడం కష్టం కావడంతో పాత ఫ్లెక్సీని మళ్లీ కరిగించి వాడేవాళ్లు అరుదు. చిరిగి పనికిరాకుండా పోయినదాన్ని మున్సిపాలిటీ పొడిచెత్తలో వేయండి. చలిమంటలో మాత్రం వేయకండి. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది, డయాక్సిన్లు పుడతాయి, చుట్టూ కూర్చున్న పిల్లల ఊపిరితిత్తుల్లోకే అవి ముందు పోతాయి.